పదో తరగతి అయిన పిల్లాడిని వెల్డింగ్ షాపులో పెట్టొచ్చా? చట్టం తెలిసినవాళ్ళు చెప్పండి

రమ్య_గుణదల

అందరికీ నమస్తే. మా అక్క కొడుకు గురించి అడుగుదామని రాస్తున్నాను. వాడికి పదహారు నిండి మూడు నెలలైంది. మొన్ననే పదో తరగతి పాసయ్యాడు. బావగారు ఆటో నడుపుతారు. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆటో ఇంటి ముందే ఉంటోంది. తెలిసినాయన ఒకరు గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో వాడిని హెల్పర్‌గా పెట్టించాడు. నెలకి తొమ్మిది వేలు, మధ్యాహ్నం భోజనం వాళ్ళదే.

రెండు రోజులు బానే ఉంది. మూడో రోజు రాత్రి రెండింటికి అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి వాడు చీకట్లో గోడకి తల ఆనించి కూర్చున్నాడు. "కళ్ళలో ఇసుక పోసినట్టుంది పిన్నీ" అన్నాడు. లైటు వేస్తే అరుస్తున్నాడు. రెప్పలు ఉబ్బిపోయి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పక్కింటావిడ బంగాళాదుంప చక్రాలు కోసి కళ్ళ మీద పెట్టింది. తెల్లారి ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టర్ గారు చూడగానే వెల్డింగ్ మంట చూశావా అని అడిగారు. వాడు వెల్డింగ్ చేయలేదు. మేస్త్రి టాకా (చిన్న చుక్క వెల్డు) వేస్తుంటే పైపు కదలకుండా పట్టుకున్నాడంతే. మేస్త్రి చేతిలో నల్లద్దం ఉంది, వీడి చేతుల్లో పైపు ఉంది.

ఇప్పుడు కళ్ళు తగ్గాయి. సోమవారం నుంచి మళ్ళీ పంపమంటున్నారు. "పద్నాలుగు దాటితే తప్పు లేదు, పదహారు నిండాయిగా" అని అక్క అంటోంది. నాకేమో పద్దెనిమిది అని ఎక్కడో విన్నట్టు గుర్తు. ఏది నిజం?

పాత_మెకానిక్

అమ్మా, ముందు కళ్ళ సంగతి. దాన్ని మేము ఆర్క్ కొట్టడం అంటాం. మంట చూసినప్పుడు ఏమీ తెలియదు. ఆరేడు గంటల తర్వాత, సరిగ్గా నిద్రపట్టే వేళకి మొదలవుతుంది. బంగాళాదుంప, తల్లిపాలు, నెయ్యి ఇలాంటివి ఇంకెప్పుడూ పెట్టకండి. షాపుల్లో ఒకరికొకరు ఇచ్చుకునే చుక్కల మందు కూడా వద్దు. నొప్పి తెలియకుండా చేసే చుక్కలు కొన్నుంటాయి. అవి వేసుకుని మర్నాడు మళ్ళీ పనిలోకి దిగినవాళ్ళని చూశాను. ఒకాయనకి నల్లగుడ్డు మీద పుండు పడింది.

నేను పదమూడేళ్ళకి ఆటోనగర్‌లో చేరాను. ముప్ఫై నాలుగేళ్ళు చేశాను. పని నాకు అన్నం పెట్టింది, ఆ మాట దాచను. కుడిచేతి చూపుడు వేలు చివరి కణుపు నాకు లేదు. పద్నాలుగో ఏట కటింగ్ వీల్ పగిలి పోయింది. ఆ రోజు గార్డు ఊడదీసి ఉంది. గార్డు ఉంటే మూలల్లోకి వీల్ పోదని తీసేసేవాళ్ళం. చట్టం సంగతి నాకు తెలియదు, తెలిసినవాళ్ళు చెప్తారు. కానీ పనిలోకి వచ్చిన వారానికే పిల్లాడికి ఆర్క్ కొట్టిందంటే ఆ మేస్త్రి వాడి వంక చూడలేదని అర్థం. "కళ్ళు మూసుకోరా" అని ఒక్క కేక వేస్తే సరిపోయేది.

వకీలు_కర్నూలు

రమ్య గారూ, మీ అక్కగారు చెప్పింది సగం నిజం.

1986 నాటి బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ళ లోపు పిల్లల గురించే మాట్లాడేది. 2016లో దాన్ని సవరించారు, ఆ సవరణ సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పేరు కూడా మారింది. ఇప్పుడది బాల, కౌమార కార్మికుల చట్టం. పద్నాలుగు నిండనివాళ్ళని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. కుటుంబానికి బడి వేళల తర్వాత, సెలవుల్లో సాయం చేయడం, సినిమా, టీవీల్లో నటించడం, ఈ రెండే మినహాయింపులు. పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండనివాళ్ళని కౌమారులు అంటుంది. వాళ్ళు పని చేయవచ్చు, కానీ ప్రమాదకరమైన పని చేయకూడదు.

ప్రమాదకరం అంటే ఏమిటన్నది మనం అనుకునేది కాదు, చట్టం చివర ఉన్న జాబితా చెప్పేది. 2016లో అందులో మూడే మాటలు పెట్టారు: గనులు, మండే లేదా పేలే పదార్థాలు, ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదకరమని చెప్పిన ప్రక్రియలు. 2017లో దాన్ని విడమర్చి రెండు భాగాలు చేశారు. మొదటి భాగం కౌమారులకి నిషిద్ధమైన పనులు. రెండో భాగం, చిన్నపిల్లలు సొంతింటి పనిలో కూడా ముట్టుకోకూడని అదనపు పనులు.

జాబితాలో ఉన్న పనిలో కౌమారుణ్ణి పెట్టుకుంటే యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే ఏడాది నుంచి మూడేళ్ళ జైలు. పోలీసులు వారంట్ లేకుండా కేసు కట్టగల నేరం ఇది. తల్లిదండ్రులకి మొదటిసారి శిక్ష లేదు.

రమ్య_గుణదల

చాలా థాంక్స్ సార్. మరి వెల్డింగ్ ఆ జాబితాలో ఉందా లేదా? ఆ ఒక్కటే చెప్పండి, అక్కకి చూపిస్తాను.

వకీలు_కర్నూలు

ఇక్కడే చిక్కుంది, అందుకే ఒక్క ముక్కలో చెప్పలేకపోతున్నాను. 2016కి ముందు జాబితాలో 18 వృత్తులు, 65 ప్రక్రియలు ఉండేవి. మోటారు షెడ్లు, గ్యారేజీలు అందులో ఉన్నాయి. కానీ ఆ జాబితా పద్నాలుగు లోపు వాళ్ళకే. కొత్త చట్టం పద్దెనిమిది వరకూ రక్షణ తెచ్చింది, అదే చేత్తో జాబితాని తగ్గించింది. వాహనాల రిపేరు, దానితో వచ్చే వెల్డింగ్, లేత్ పని, డెంటింగ్, పెయింటింగ్ ఇప్పుడు రెండో భాగంలో ఉన్నాయి. అంటే సొంత నాన్న గ్యారేజీలోనైనా పదమూడేళ్ళ పిల్లాడు వెల్డింగ్ దగ్గర ఉండకూడదు. పదహారేళ్ళవాడి విషయంలో 'వెల్డింగ్' అన్న మాట పట్టుకుని నేరుగా కేసు నడపడం కష్టం. నా వృత్తిలో నాకు బాధ కలిగించే ఖాళీల్లో ఇదొకటి.

పాత_మెకానిక్

వకీలు గారూ, ఒక్క మాట అడుగుతాను. గ్రైండర్ సంగతి ఏమిటి? ఫ్యాబ్రికేషన్ షాపులో కొత్త కుర్రాడికి వెల్డింగ్ రాడ్ పట్టే హోల్డర్ ఎవరూ ఇవ్వరు. రాడ్లు పాడవుతాయి. వాడికిచ్చే మొదటి పని వెల్డు మీద పేరుకున్న పెంకు, అంటే స్లాగ్, సుత్తితో కొట్టడం, రెండోది గ్రైండర్ పట్టి వెల్డు నున్నగా తీయడం. ఏ షాపులో చూసినా ఇదే వరస.

వకీలు_కర్నూలు

మీరు అసలు సంగతి పట్టుకున్నారు సార్. లోహాలను గ్రైండింగ్ చేయడం, మెరుగు పెట్టడం ఫ్యాక్టరీల చట్టం మొదటి షెడ్యూల్‌లో ప్రమాదకర ప్రక్రియల కింద ఉండేది, అందుకే కౌమారుల జాబితాలోకీ వచ్చింది. అలాగే పోత పని, బ్యాటరీల తయారీ, రిపేరు, తోలు శుద్ధి, ఎలక్ట్రోప్లేటింగ్ కూడా.

కాబట్టి రమ్య గారూ, మీరు షాపు పేరు, పని పేరు అడగకండి. మీ అబ్బాయి చేతికి ఏ మిషన్ ఇస్తున్నారో అడగండి. గ్రైండర్ ఇస్తే సమాధానం తేలిపోయినట్టే.

రమ్య_గుణదల

ఇప్పుడే వాణ్ణి అడిగాను. రెండో రోజు నుంచి గ్రైండర్ పట్టాడట. కళ్ళజోడు ఒకటి గోడకి తగిలించి ఉందిగానీ గీతలు పడి ఏమీ కనపడక పెట్టుకోలేదట.

సభ నిర్వాహకుడు

చర్చ బాగుంది, కొనసాగించండి. షాపుల పేర్లు, పిల్లల పేర్లు, ఫొటోలు మాత్రం దయచేసి ఎవరూ పెట్టవద్దు. పిల్లాడి ముఖం కనిపించే వీడియో ఒకటి ఇప్పుడే తీసేశాను.

మార్కాపురం_మాస్టారు

రిటైర్డ్ టీచర్ని. కళ్ళజోడు గోడకి తగిలించి ఉందన్న మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా దగ్గర పలకల పరిశ్రమ గురించి మీ అందరికీ తెలుసు. మీలో నలభై దాటినవాళ్ళు చాలామంది అ ఆలు దిద్దింది మా రాతి పలకల మీదే అయ్యుంటుంది. 1988లో కేంద్రం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు ముందుగా తీసుకున్న చోట్లలో మార్కాపురం ఉంది. పనిలోంచి తెచ్చిన పిల్లలకి ప్రత్యేక బడులు పెట్టారు. నేను ఆ రోజుల్లో కొన్నేళ్ళు ఆ పిల్లలకి చెప్పాను.

మొదటి వారం హాజరు తీసుకుంటుంటే పిల్లల కనురెప్పల వెంట్రుకలు తెల్లగా కనిపించేవి. స్నానం చేసి వచ్చినా అంతే. రాయి కోసే మిషన్ దగ్గర లేచే దుమ్ము అంత సన్నగా ఉంటుంది. ఒక పిల్లాడికి పలక ఇస్తే తిప్పి చూసి, "ఇది మా షెడ్డులో కోసిందే సార్, అంచున బ్లేడు గీత చూడండి" అన్నాడు. వేలితో ఆ గీత చూపించాడు. వాడికప్పటికి పదకొండేళ్ళు. అక్షరం రాదు, బ్లేడు గీత మాత్రం తెలుసు.

ఆ దుమ్ములో ఉన్న సిలికా ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు. సిలికోసిస్ అంటారు. మందు లేదు. ఏళ్ళ తర్వాత బయటపడుతుంది కాబట్టి పిల్లాడు పని చేసిన రోజుల్లో ఆరోగ్యంగానే కనిపిస్తాడు. తల్లిదండ్రులు నాతో వాదించేది దీని మీదే. "వాడికేమైంది మాస్టారూ, బానే ఉన్నాడుగా" అనేవాళ్ళు. ఆర్క్ కొడితే రాత్రికే తెలుస్తుంది. దుమ్ము కొడితే ముప్ఫై ఏళ్ళొచ్చాక తెలుస్తుంది. చట్టానికి వయసు హద్దు ఎందుకు పెట్టారో నాకు అక్కడ అర్థమైంది. పెరిగే వయసులో ఊపిరితిత్తులు కూడా పెరుగుతూ ఉంటాయి.

గద్వాల_బిడ్డ

మాస్టారు గారికి నమస్కారాలు. నేను ఇప్పుడు నర్సుగా చేస్తున్నాను. పన్నెండేళ్ళ వయసులో రెండు సీజన్లు పత్తి విత్తనం చేన్లల్ల క్రాసింగ్‌కు పోయిన.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. సాయంత్రం పూట రేపు విచ్చుకోబోయే మొగ్గని గోరుతో విప్పి లోపలి పుప్పొడి కాడలన్నీ తీసేయాలి. మర్నాడు పొద్దున మగ చేను నుంచి పువ్వులు తెచ్చి ఆ మొగ్గలకి రుద్దాలి. ఒక్కో మొగ్గకీ ఇట్లనే. "ఆడపిల్లల వేళ్ళు సన్నగుంటయ్, మొగ్గ పాడుగాదు" అని మమ్మల్నే పిలిచేవాళ్ళు. అసలు కారణం అది కాదన్నా. పెద్దవాళ్ళు వంగాలి, నడుము నొప్పి అంటారు, కూలి ఎక్కువ అడుగుతారు. మా ఎత్తుకు చెట్టు సరిపోయేది, మేము ఎదురు చెప్పం.

సాయంత్రం మందు కొట్టిన చేన్లకే పొద్దున దిగేవాళ్ళం. తల తిప్పేది, వాంతి వచ్చేది. ఇంటికాడ చెప్తే దిష్టి అనేవాళ్ళు.

నేను అడిగేది ఒకటే. కుటుంబానికి సాయం చేయొచ్చు అని చట్టంలో పెట్టిన మినహాయింపు మా ఊళ్ళల్ల ఎట్లా వాడుకుంటారో ఎవరైనా చూశారా? ఏ పిల్లని అడిగినా "మా చిన్నాయన చేను" అనే చెప్తది. చిన్నాయన అంటే ఊర్ల అందరూ చిన్నాయనలే.

వకీలు_కర్నూలు

గద్వాల చెల్లెమ్మా, మీరన్నది అక్షరాలా నిజం. చట్టంలో కుటుంబం అంటే తల్లి, తండ్రి, తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు. అంటే చిన్నాయన లెక్కలోకి వస్తాడు. కానీ ఆ మినహాయింపు ప్రమాదకరమైన పనికి వర్తించదు, బడి మానేసి చేసే పనికి అసలే వర్తించదు. ఇన్‌స్పెక్టర్ చేను గట్టు మీద నిలబడి అడగాల్సింది "ఇది ఎవరి చేను" అని కాదు, "ఈ వేళ బడి లేదా" అని. బడి హాజరు పట్టీ చూస్తే తేలిపోతుంది.

శాంతా సిన్హా గారు, ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో దశాబ్దాల పాటు చెప్పింది ఇదే. బడిలో లేని ప్రతి పిల్ల పనిలో ఉన్నట్టే లెక్కేయాలి, ఏ పని, ఎవరి చేను అనే వాదనే వద్దు అని. 2003లో ఆమెకి మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. నా అభిప్రాయంలో మన చట్టాల కన్నా ఆ లెక్క సూటిగా ఉంది. కాకపోతే విద్యాహక్కు చట్టం కూడా పద్నాలుగు దగ్గరే ఆగిపోతుంది. పద్నాలుగు దాటాక పద్దెనిమిది వరకూ ఆ నాలుగేళ్ళు పిల్లాడిని పట్టుకునే చెయ్యి లేదు.

షాపు_యజమాని_గుంటూరు

నాదీ ఫ్యాబ్రికేషన్ షాపే, అయిదుగురు పనివాళ్ళు. చదువుతుంటే గుండె బరువెక్కింది, అందుకే నా వైపు కూడా రాస్తున్నాను.

మేము పిల్లల కోసం వెతుక్కుంటూ వెళ్ళం. తల్లులు తీసుకొస్తారు. "ఫోన్ పట్టుకుని పాడైపోతున్నాడు, మీ దగ్గర ఉంచుకోండి, డబ్బులివ్వకపోయినా పర్లేదు" అంటారు. కాదంటే ఎదురుగా ఏడుస్తారు. పోయినేడాది ఒకమ్మాయి తమ్ముణ్ణి తీసుకొచ్చింది, వాడికి పదిహేను. తండ్రి లేడు. నేను పెట్టుకున్నాను, గ్రైండర్ కూడా ఇచ్చాను. అది నేరమని ఈ పేజీ చదివేదాకా నాకు తెలియదు. నాతో ఎవరూ చెప్పలేదు, ఏ బోర్డూ లేదు.

వకీలు గారూ, నన్ను కేసులో పెట్టండి అని అడగడం లేదు. పదహారు, పదిహేడేళ్ళ కుర్రాణ్ణి సరైన పద్ధతిలో పెట్టుకోవాలంటే ఏం చేయాలి? కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయిగా, ఈ చట్టం ఇంకా ఉందా?

వకీలు_కర్నూలు

మీరు అడగడమే మంచిది సార్. ముందు రెండో ప్రశ్న. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీల చట్టం, గనుల చట్టం వాటిలో కలిసిపోయాయి. ప్రమాదకర ప్రక్రియల పరిశ్రమల జాబితా ఇప్పుడు భద్రత, ఆరోగ్యం కోడ్ మొదటి షెడ్యూల్‌లో ఉంది. బాల, కౌమార కార్మికుల చట్టం మాత్రం ఏ కోడ్‌లోనూ కలవలేదు, విడిగా బతికే ఉంది. ఇంకో సంగతి, కరెంటుతో నడిచే షాపులో పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనేవాళ్ళు, కొత్త కోడ్‌లో అది ఇరవై అయింది. అంటే మీలాంటి చిన్న షాపులు ఫ్యాక్టరీ తనిఖీలోకి రావడం ఇంకా తగ్గుతుంది. పిల్లల చట్టానికి మాత్రం ఆ అంకెతో పనిలేదు. ఒక్క పనివాడున్న షాపైనా నేరం నేరమే.

ఇక పద్ధతి. జాబితాలో లేని పని మాత్రమే ఇవ్వాలి. బిల్లులు రాయడం, కొలతలు తీసుకోవడం, సామాను లెక్క, కొట్లో కౌంటరు లాంటివి. విశ్రాంతితో కలిపి రోజుకి ఆరు గంటలు దాటకూడదు. వరసగా మూడు గంటలు పని చేయిస్తే గంట విరామం ఇవ్వాల్సిందే. సాయంత్రం 7 నుంచి ఉదయం 8 వరకూ పనిలో ఉండకూడదు. ఓవర్‌టైమ్ అసలు లేదు. వారానికి ఒక రోజు పూర్తి సెలవు. రిజిస్టర్‌లో పేరు, పుట్టిన తేదీ, పని వేళలు రాయాలి, ఇన్‌స్పెక్టర్‌కి ముప్ఫై రోజుల్లో తెలియజేయాలి. పదో తరగతి మెమో మీద పుట్టిన తేదీ ఉంటుంది, దాని కాపీ తీసుకోండి.

షాపు_యజమాని_గుంటూరు

రాసుకున్నాను. ఆ కుర్రాణ్ణి రేపటి నుంచి గ్రైండర్ దగ్గరికి వెళ్ళనివ్వను. జీతం తగ్గించను.

పాతబస్తీ_వాలంటీర్

హైదరాబాద్ నుంచి. చేతి గాజులు తయారుచేసే గదుల్లోంచి పిల్లల్ని తెచ్చే బృందంతో కొన్నేళ్ళు వెళ్ళాను. చాలామంది బీహార్ నుంచి వచ్చినవాళ్ళు. తలుపు వేసిన గది, మధ్యలో నిప్పు, లక్క కరిగిన వాసన, చుట్టూ రాళ్ళు అతికిస్తూ పిల్లలు. ఏ పిల్లాణ్ణి అడిగినా "అఠారా సాల్" (పద్దెనిమిదేళ్ళు) అంటాడు. అందరికీ అదే సమాధానం నేర్పించి ఉంటారు. మెడ మీద, మోచేతుల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు.

అలాంటి చోట ఈ చట్టం ఒక్కటే కాదు, పిల్లల సంరక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం 79వ సెక్షన్ కూడా వేస్తారు. అందులో పిల్లలు అంటే పద్దెనిమిది లోపు అందరూ. కట్టుబానిసగా ఉంచినా, జీతం పట్టి ఉంచినా అయిదేళ్ళ వరకూ కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఇలాంటి పిల్లల్ని వెతికి తేవడానికి తెలంగాణ పోలీసులు జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ చేస్తారు కానీ మిగిలిన పది నెలలు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి వచ్చే ఫోన్లే దిక్కు. ఫోన్ చేసేవాళ్ళు పేరు చెప్పక్కర్లేదు. ఎక్కడ, ఏ అంతస్తు, ఏ వేళకి తలుపు తెరుస్తారు, ఇవి చెప్తే చాలు. ఆలస్యంగా చేస్తే మాత్రం గది ఖాళీ అయిపోతుంది.

తెచ్చాక జరిగేది కూడా చెప్పాలి. చట్టప్రకారం యజమాని కట్టిన జరిమానా, దానికి తోడు ప్రభుత్వం వేసే 15 వేలు ఆ పిల్లాడి పేరున బ్యాంకులో పడాలి. నేను కలిసిన కుటుంబాల్లో అది అందిందని చెప్పినవాళ్ళు తక్కువ. అడగాలని వాళ్ళకి తెలియదు. రమ్య గారి విషయం వేరే అనుకోండి, మీ వాడు ఇంట్లోనే ఉన్నాడు.

డాలస్_వాణి

మా తమ్ముడు ఇక్కడ అమెరికాలో ఇండియన్ గ్రోసరీ, చిన్న రెస్టారెంటు నడుపుతాడు, అందుకని ఇక్కడి రూల్ కాస్త తెలుసు. 1938 నాటి ఫెడరల్ చట్టం కింద పద్దెనిమిది నిండనివాళ్ళు చేయకూడని పనులకి పదిహేడు ఉత్తర్వులున్నాయి. గనులు, పేలుడు పదార్థాలే కాదు, మాంసం కోసే స్లైసర్, పిండి కలిపే పెద్ద మిక్సర్ కూడా. స్లైసర్ ఆపేసి ఉన్నా సరే, దాన్ని విప్పి కడగడం కూడా నిషేధమే. మా మేనల్లుడు పదిహేడేళ్ళవాడు, సొంత షాపే కదా అని మిక్సర్ దగ్గరికి వెళ్ళబోతే తమ్ముడు ఆపాడు. అమ్మానాన్నల వ్యాపారంలో పిల్లలు పని చేయొచ్చు, కానీ ప్రమాదకర పనులకి ఆ మినహాయింపు లేదు.

ఇక్కడ మిషన్ పేరు పెట్టి రాశారు, వకీలు గారు "ఏ మిషన్" అని అడగమన్నది అందుకే నాకు బాగా నచ్చింది. అలాగని ఇక్కడ అంతా బాగుందని కాదు. 2023లో మాంసం ప్లాంట్లు రాత్రిళ్ళు కడిగే ఒక కంపెనీలో ఎనిమిది రాష్ట్రాల్లో 102 మంది పిల్లలు దొరికారు, పదమూడేళ్ళవాళ్ళు కూడా ఉన్నారు. జరిమానా 15 లక్షల డాలర్లు. వ్యవసాయంలోనైతే ప్రమాదకరమైన పనికి కూడా పదహారుకే అనుమతి, సొంత పొలమైతే ఆ హద్దూ లేదు. గద్వాల అమ్మాయి రాసింది చదివితే ఇక్కడి పొగాకు చేలల్లో పిల్లల గురించి విన్నవే గుర్తొచ్చాయి.

ఐటీఐ_ఇన్‌స్ట్రక్టర్

వెల్డర్ ట్రేడ్ చెప్తాను. రమ్య గారూ, మీ వాడికి పని ఇష్టమేనా? ఇష్టమైతే మానిపించకండి, దారి మార్చండి. ఐటీఐలో చేరడానికి పద్నాలుగు నిండితే చాలు. వెల్డర్ ఒక ఏడాది కోర్సు. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు ప్రైవేటు దానికన్నా చాలా తక్కువ.

"అక్కడా అదే మంట కదా" అని చాలామంది తల్లులు అడుగుతారు. మా దగ్గర పిల్లాడు మొదటి వారం రాడ్ ముట్టుకోడు. తోలు గ్లౌజులు, అప్రాన్, బూట్లు వేసుకోవడం, 10 లేదా 11 నంబరు నల్లద్దం పెట్టిన హెల్మెట్ తలకి సరిచేసుకోవడం నేర్పుతాం. ఒకరి మంట ఇంకొకరి కళ్ళకి తగలకుండా బూత్‌కి తెర ఉంటుంది. మీ వాడికి తగిలింది పక్కవాడి మంటే. వెల్డింగ్ చేసేవాడి కన్నా పట్టుకునే వాడికే ఎక్కువ కొడుతుంది, ఎందుకంటే అద్దం ఒక్కటే ఉంటుంది.

ఇంకోటి. జీఐ పైపు మీద జింకు పూత ఉంటుంది. దాన్ని తీయకుండా వెల్డింగ్ చేస్తే ఆ పొగకి అదే రాత్రి చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. షాపుల్లో పాలు తాగితే పోతుందంటారు. పోదు. పూత గీకేసి, గాలి ఆడేచోట చేయాలి. పదహారేళ్ళ హెల్పర్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

అప్రెంటిస్‌షిప్ విషయంలో మాత్రం గుర్తుంచుకోండి. ప్రమాదకర పరిశ్రమల ట్రేడుల్లో అప్రెంటిస్‌గా తీసుకోవాలంటే పద్దెనిమిది నిండాలి. మీ వాడు పదిహేడేళ్ళకి కోర్సు ముగించినా ఏడాది ఆగాల్సి రావచ్చు. ఆ ఏడాదికి ముందే ఆలోచించి పెట్టుకోండి.

పాత_మెకానిక్

ఇన్‌స్ట్రక్టర్ గారు చెప్పింది విన్నాక ఒక మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇన్నాళ్ళూ నేను నా శిష్యులతో "షాపులో నేర్చుకున్న పనే పని, ఐటీఐ వాళ్ళకి చేతులు రావు" అనేవాణ్ణి. చేతులు మాకు త్వరగా వచ్చాయి, నిజమే. నాతో చేరిన నలుగురిలో ఒకడికి కన్ను పోయింది, ఇంకొకడు దగ్గుతో మంచం పట్టాడు. వాళ్ళ సంగతి ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు.

రమ్య_గుణదల

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఆదివారం అక్క, బావగారు, వాడు నలుగురం కూర్చుని ఈ పేజీ మొత్తం చదివాం. బావగారు మార్కాపురం మాస్టారి మాటలు రెండుసార్లు చదివించుకున్నారు. అక్క మాత్రం "చట్టం సరే, తొమ్మిది వేలు ఎవరిస్తారు" అంది. తను అన్నదాంట్లో తప్పు లేదు. ఇంటద్దె నాలుగున్నర.

ఇప్పటికి అనుకున్నది ఇది. వెల్డింగ్ షాపుకి పంపడం లేదు. మూడు రోజుల జీతం అడిగితే ఇచ్చారు, కళ్ళ డాక్టర్ ఖర్చు గురించి మాట్లాడలేదు. మా వీధిలో హార్డ్‌వేర్ కొట్టాయన వాణ్ణి కౌంటర్లో పెట్టుకుంటానన్నాడు. వకీలు గారు రాసినట్టే అడిగాను, పది నుంచి నాలుగు, ఒంటిగంట నుంచి రెండు దాకా విరామం, ఆదివారం సెలవు. నాలుగు వేల అయిదు వందలు ఇస్తాడట. యాసిడ్ సీసాలు, థిన్నర్ డబ్బాలు వాడి చేత దింపించకూడదని కూడా చెప్పాను. మిగతాది నేను, మా ఆయన కొన్నాళ్ళు సర్దుతాం. ఐటీఐ అడ్మిషన్లు మొదలవగానే అప్లై చేస్తాడు, వెల్డరే కావాలంటున్నాడు.

ఇన్‌స్ట్రక్టర్ గారూ, అప్లికేషన్‌కి ఏమేం కాగితాలు కావాలి? టీసీ ఇంకా స్కూల్లోనే ఉంది.

ఐటీఐ_ఇన్‌స్ట్రక్టర్

టీసీ రేపే తెచ్చుకోండి, అందరూ ఆఖరి వారంలో పరుగెత్తుతారు. పదో తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, స్టడీ సర్టిఫికెట్లు, ఫొటోలు. అన్నిట్లోనూ పుట్టిన తేదీ, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. కళ్ళ డాక్టర్ ఇచ్చిన చీటీ కూడా పారేయకండి, చేరేటప్పుడు నాకు చూపించమనండి.

పాత_మెకానిక్

హెల్మెట్ కొనకండి అమ్మా. నా దగ్గర వాడనిది ఒకటుంది, అద్దం కొత్తది వేయిస్తాను. సీటు వచ్చాక చెప్పండి.